ఇంటిపేరు తెలిసింది, పేరు తెలియాలి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పూతలపట్టు దగ్గర పల్లె. నేను పెళ్లయి తిరుపతిలో ఉంటున్నాను. మా అమ్మ వయసు 58. బీడీ, చుట్ట, పొగాకు ఏదీ ఎరగదు. నాన్న ఉన్నంత కాలం ఏటా బెల్లం వండేవాళ్లం. పెనం కింద చెరుకు పిప్పి ఎగదోసే పని అమ్మదే. సంక్రాంతి ముందు నుంచి ఆమెకు పొడి దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ కనిపించింది. కళ్లె పరీక్షలో ఏమీ లేకపోయినా టీబీయే అయి ఉంటుందని 4 నెలలు మందులు వాడించారు. దగ్గు తగ్గలేదు సరికదా, 7 కిలోల బరువు తగ్గింది. తిరుపతికి తీసుకొచ్చి సీటీ స్కాన్ చేయిస్తే, సూదితో ముక్క తీశారు. 'పూర్లీ డిఫరెన్షియేటెడ్ నాన్ స్మాల్ సెల్ కార్సినోమా' అని రిపోర్టు వచ్చింది. టీబీ ఆనవాళ్లు లేవని కూడా రాశారు. ఇప్పుడు అదే ముక్క మీద ఇమ్యునో పరీక్ష, తర్వాత జీన్ పరీక్ష చేయాలి, మూడు వారాలు పడుతుంది అంటున్నారు. "క్యాన్సర్ అని తేలాక ఇంకా పరీక్షలెందుకు? ఇదంతా డబ్బు గుంజడానికే. వెంటనే కీమో పెట్టే చోటికి పోదాం" అని మా అన్న పట్టుబడుతున్నాడు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. అమ్మకు ఇంకా టీబీ అనే చెప్పాం. కంచం, చెంబు వేరు పెట్టుకుని వసారాలో పడుకుంటోంది. మమ్మల్ని ఏం చేయమంటారు? – ఒక కూతురు, తిరుపతి

సమాధానం: తల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అన్నగారి కోపాన్ని నేను తప్పు పట్టను. నాలుగు నెలలు మందులు మింగించి, చివరికి జబ్బు అది కాదంటే ఏ కొడుక్కైనా మండుతుంది. అయితే ఆ నాలుగు నెలలు పోయింది పరీక్షలు ఎక్కువై కాదు. చేయాల్సిన పరీక్ష సమయానికి చేయకపోవడం వల్ల. ఇప్పుడు మళ్లీ అదే తొందర పడితే, మొదట జరిగిన పొరపాటే రెండోసారి జరుగుతుంది. ఈ మాట ఆయనకు నా మాటగా చెప్పండి.

నేను ముప్పై ఏళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చుని ఇలాంటి ముక్కలు చదివిన మనిషిని. రోగి ముఖం మేము చూడం. మా దగ్గరికి వచ్చేది ఒక గాజు పలక, దాని మీద గులాబీ, ఊదా రంగులు వేసిన కండ. ఆ పలక మీద ఉన్నది ఎవరి తల్లో, ఎవరి బిడ్డో అన్న ఆలోచన మాత్రం ఏ రోజూ వదలదు. అందుకే మీ రిపోర్టులోని ఆ నాలుగు మాటలకు అర్థం చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనేది ఒక జబ్బు పేరు కాదు, ఒక ఊరి పేరు లాంటిది. ఆ ఊళ్లో వేరువేరు ఇళ్లవాళ్లు ఉంటారు. వాళ్ల తీరు వేరు, వాళ్లకు పనిచేసే మందు వేరు. ముందుగా రెండు పెద్ద తెగలు. ఒకటి స్మాల్ సెల్. అంటే చిన్న కణాల రకం. నూరు మందిలో దాదాపు 15 మందికి ఇది వస్తుంది. పలక మీద చూస్తే నువ్వులు ఒలకబోసినట్టు చిన్న చిన్న నల్లటి కణాలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ కనిపిస్తాయి. ఇది దాదాపుగా పొగ తాగేవాళ్ల జబ్బు. చాలా వేగంగా పెరుగుతుంది, తొందరగా మెదడుకూ కాలేయానికీ పాకుతుంది. ఈ రకమని తేలితే మాత్రం మీ అన్నగారన్నదే సరైన మాట. వారాల తరబడి ఎదురుచూడకూడదు, రోజుల్లోనే కీమో మొదలుపెట్టాలి. మీ అమ్మగారిది అది కాదని రిపోర్టు చెబుతోంది. ఆ ఒక్క మాటతో మీకు మూడు వారాల వ్యవధి దొరికింది.

మిగిలిన 85 మందిదీ రెండో తెగ, నాన్ స్మాల్ సెల్. ఇది ఇంటిపేరు మాత్రమే. ఈ ఇంట్లో ముఖ్యంగా ఇద్దరున్నారు. అడెనోకార్సినోమా అనేది జిగురు ఊరించే గ్రంథుల వంటి కణాల నుంచి పుడుతుంది, ఎక్కువగా ఊపిరితిత్తి అంచుల్లో ఉంటుంది. పొగ తాగనివాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో వచ్చేది చాలావరకు ఇదే. రెండోది స్క్వామస్ రకం. ఏళ్ల తరబడి పొగ తగిలి శ్వాసనాళాల లోపలి పొర చర్మంలా మొద్దుబారి, అక్కడి నుంచి పుడుతుంది. ఇది ఎక్కువగా ఊపిరితిత్తి మధ్యభాగంలో, పెద్ద గొట్టాల దగ్గర ఉంటుంది. ఒక్కోసారి గడ్డ లోపల గుల్లబారి స్కాన్‌లో గుంతలా కనిపిస్తుంది. టీబీ కూడా అలాంటి గుంతలే చేస్తుంది కాబట్టి పొరబడటానికి అదొక కారణం. లార్జ్ సెల్ అని మూడోది కూడా ఉంది కానీ, ఆపరేషన్ చేసి గడ్డ మొత్తం తీసి చూస్తే తప్ప సూది ముక్కతో ఆ పేరు పెట్టం. దాన్ని వదిలేద్దాం.

ఇక 'పూర్లీ డిఫరెన్షియేటెడ్' అన్న మాట. కణాలు బాగా చెడిపోయి, తాము ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పే గుర్తులు పోగొట్టుకున్నాయని దాని అర్థం. గ్రంథిలా గుండ్రంగా చుట్టుకుని ఉంటే అడెనో అనేవాళ్లం. చర్మంలా పొరలు కట్టి ఉంటే స్క్వామస్ అనేవాళ్లం. మీ అమ్మగారి ముక్కలో రెండూ లేవు. కంటితో చూసి చెప్పలేనప్పుడు ఊహించి రాయకుండా "ఇంటిపేరు వరకే తెలిసింది, పేరు తేల్చడానికి ఇంకో పరీక్ష కావాలి" అని రాసిన ఆ డాక్టరు నిజాయితీపరుడు. ఆయన్ని మెచ్చుకోవాలి.

ఆ ఇంకో పరీక్షే ఇమ్యునో. అదెలా జరుగుతుందో చెబుతాను, అప్పుడు డబ్బు దేనికి పోతున్నదో మీ అన్నగారికి అర్థమవుతుంది. సూదిలోంచి వచ్చిన ముక్క సేమియా పోగంత ఉంటుంది. సుమారు ఒక మిల్లీమీటరు మందం, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు. దాన్ని, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్‌లో ఊరబెట్టి, కరిగించిన మైనంలో అమర్చి, అగ్గిపెట్టెలో పట్టేంత చిన్న దిమ్మగా చేస్తారు. దాన్నే బ్లాకు అంటారు. యంత్రం మీద ఆ దిమ్మను 4 మైక్రాన్ల మందాన కోస్తారు. తల వెంట్రుక మందంలో పదిహేనో వంతో ఇరవయ్యో వంతో అనుకోండి. కోసిన పొర ఉల్లిపొర కంటే పలచగా గోరువెచ్చని నీళ్ల మీద తేలుతుంది. ఊపిరి గట్టిగా వదిలితే ముడుచుకుపోతుంది. దాన్ని గాజు పలక మీదికి ఎక్కించి, కణాల్లో ఏదో ఒక ప్రొటీన్‌ను మాత్రమే వెతికి పట్టుకునే ద్రవం వేస్తారు. ఆ ప్రొటీన్ ఉంటే గోధుమరంగు తేలుతుంది, లేకపోతే పలక నీలంగానే ఉండిపోతుంది. టీటీఎఫ్-1 అనే గుర్తుకు కణాల నడిమి భాగం గోధుమరంగుకు తిరిగితే అది అడెనో. పీ40 అనే గుర్తుకు తిరిగితే స్క్వామస్. చాలావరకు ఈ రెండు పలకలతోనే పేరు తేలిపోతుంది. రొమ్ములోనో, మూత్రపిండంలోనో, పేగులోనో పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తికి వచ్చి చేరిందా అన్న సందేహం ఉంటే దానికి వేరే గుర్తులున్నాయి. ఊపిరితిత్తిలో గడ్డ కనిపించినంత మాత్రాన అది ఊపిరితిత్తిలో పుట్టిందని కాదు.

ఇక్కడ మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఉంది. ప్రతి పరీక్షకూ ఆ సేమియా పోగును కొంత కొంత కోస్తూ పోతారు. అది అక్షయపాత్ర కాదు. పేరు తేల్చడానికే పది గుర్తులు వేసి ముక్కంతా ఖర్చు చేస్తే, ఆ తర్వాత గడ్డ జన్యువుల్లో మార్పులు వెతికే జీన్ పరీక్షకు ఏమీ మిగలదు. అప్పుడు మళ్లీ సూది గుచ్చాలి. కాబట్టి మీ డాక్టరును అడగాల్సిన ప్రశ్న "ఈ పరీక్ష అవసరమా?" అని కాదు. "జీన్ పరీక్షకు సరిపడా ముక్క మిగిల్చుతున్నారా?" అని అడగండి. ల్యాబు వాళ్లు కూడా ఆ ప్రశ్న విని జాగ్రత్త పడతారు.

ఒకసారి ఒక చోటి నుంచి నాకు వచ్చిన ముక్కను ఫార్మలిన్‌లో కాకుండా సెలైన్‌లో వేసి పంపారు. రెండు రోజుల ప్రయాణంలో అది మెత్తబడి, పలక మీద కణాల నీడలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ రోగికి మళ్లీ సూది గుచ్చడానికి బలం చాల్లేదు. ఎన్నేళ్లయినా ఆ పలక నా కళ్ల ముందే ఉంది. ముక్క తీయడంలో ఎంత నేర్పు కావాలో, దాన్ని కాపాడటంలోనూ అంతే కావాలి.

పేరు తేలడం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో స్మాల్ సెల్ అవునా, కాదా అని రాస్తే సరిపోయేది. మిగతావాళ్లందరికీ ఒకటే రకం కీమో. ఇప్పుడలా కాదు. పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు అడెనోలో బాగా పనిచేస్తుంది, స్క్వామస్‌లో పనిచేయదు. బెవాసిజుమాబ్ అనే ఇంకో మందు స్క్వామస్ రకానికి ఇస్తే ఊపిరితిత్తిలో తీవ్రంగా రక్తం కారి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. పేరు తేల్చకుండా మందు పెట్టడమంటే ఇదీ. 2004లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులోని మార్పునూ, 2007లో ఆల్క్ అనే జన్యువులోని మార్పునూ కనిపెట్టారు. ఇలాంటి మార్పు ఉన్న గడ్డ ఆ ఒక్క జన్యువు బలం మీదే పెరుగుతుంది. దాన్ని అణిచే మాత్రలు వచ్చాయి. ఈజీఎఫ్ఆర్‌కు జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ వంటివి, ఆల్క్‌కు అలెక్టినిబ్ వంటివి. మన దేశంలో అడెనోకార్సినోమా వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. పొగ తాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. మీ అమ్మగారు సరిగ్గా ఆ కోవలో ఉన్నారు. ముదిరిన జబ్బును ఈ మాత్రలు పూర్తిగా నయం చేస్తాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. అదుపులో పెడతాయి. ఇంట్లోనే ఉండి, జుట్టు ఊడకుండా, తన పని తాను చేసుకుంటూ నెలలు, చాలామంది ఏళ్లు గడుపుతారు. మూడు వారాలు ఆగమంటున్నది దానికోసం. ఒకవేళ ఇమ్యునోలో స్క్వామస్ అని వచ్చినా, ఆమె ఎన్నడూ పొగ తాగలేదు కాబట్టి జీన్ పరీక్ష మాత్రం చేయించండి.

మీ అన్నగారి తొందరలో ఒక అపాయం కూడా ఉంది. పీడీ-ఎల్1 అనే గుర్తు ఎక్కువగా ఉందని తెలియగానే కొందరు ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు మొదలుపెడతారు. ఆ తర్వాత ఈజీఎఫ్ఆర్ మార్పు ఉందని తేలి ఒసిమెర్టినిబ్ ఇస్తే, ఊపిరితిత్తులు తీవ్రంగా వాచే ప్రమాదం పెరుగుతుంది. జీన్ రిపోర్టు చేతికి వచ్చేదాకా ఆ ఇంజెక్షన్‌కు ఒప్పుకోవద్దు. ఈలోగా ఆమెకు ఆయాసం పెరిగినా, కళ్లెలో రక్తం పడినా, తలనొప్పి, వాంతులు మొదలైనా మూడు వారాల లెక్క పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు ఎదురుచూడకుండా కీమో మొదలుపెట్టడమే సరైన పని కావచ్చు. అది ఆమెను చూస్తున్న డాక్టరు నిర్ణయిస్తారు.

ముక్క చాలకపోతే రక్తంలో కూడా ఈ జన్యు మార్పులు వెతకవచ్చు. రక్తంలో దొరికితే నమ్మవచ్చు. దొరకకపోతే లేదని కాదు, ముక్కలో మళ్లీ చూడాల్సిందే. సీఈఏ వంటి రక్త పరీక్షలతో క్యాన్సర్ రకం తేల్చేస్తామని ఎవరైనా చెబితే మాత్రం డబ్బు పోగొట్టుకోకండి.

సూది గుచ్చితే పాకుతుందన్న భయం ప్రతి ఇంట్లోనూ వింటాను. సూది దారి వెంబడి కణాలు నాటుకోవడం ఊపిరితిత్తుల విషయంలో చాలా చాలా అరుదు. సూదితో నిజంగా వచ్చే ఇబ్బంది వేరు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు, కాస్త రక్తం పడవచ్చు. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది, కొద్దిమందికి గొట్టం వేయాల్సి వస్తుంది. అందుకే సూది తర్వాత కొన్ని గంటలు పడుకోబెట్టి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. మీ అమ్మగారికి ఆ గండం దాటిపోయింది.

మీ ఉత్తరంలో లేని విషయం జబ్బు ఎంత దూరం వెళ్లిందన్నది. రకం ఒక ఎత్తు, దశ ఇంకో ఎత్తు. దానికి, చురుగ్గా ఉన్న కణాలు వెలిగి కనిపించే పెట్ స్కాన్, మెదడుకు ఎమ్మారై చేస్తారు. ఒకే చోట ఉంటే ఆపరేషన్‌తో తీసేసే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ మాట తప్పక అడగండి. పెట్ స్కాన్‌లో వెలిగినదంతా క్యాన్సర్ కాదు. మన దగ్గర టీబీ వల్ల వాచిన లింఫు గ్రంథులు కూడా దీపాల్లా వెలుగుతాయి. ఛాతీ మధ్యలో గ్రంథి వెలిగిందని ఆపరేషన్ కుదరదంటే, ఎండోస్కోపు గొట్టంతో ఆ గ్రంథిలోంచి కూడా చుక్క తీసి చూశారా అని అడగండి.

టీబీ గురించి రెండు మాటలు. ఎక్స్‌రేలో మచ్చ తెల్లగా కనిపిస్తుందే గాని, అది టీబీనా, క్యాన్సరా అని చెప్పదు. కళ్లెలో క్రిమి కనిపించక, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలోనూ ఏమీ రాక, మందు వాడుతున్నా మచ్చ తగ్గక బరువు తగ్గుతూ ఉంటే, సీటీ స్కాన్‌కు పంపడానికి నాలుగు నెలలు ఆగకూడదు. ఇది చదువుతున్న మిగతావాళ్లు కూడా గమనించండి. మీ అమ్మగారి టీబీ మాత్రల విషయంలో తొందరగా తేల్చుకోవాల్సింది ఉంది. అందులోని రిఫాంపిసిన్, క్యాన్సర్ మాత్రల బలాన్ని శరీరంలో బాగా తగ్గించేస్తుంది. మీ అంతట మీరు ఆపవద్దు. కానీ టీబీ డాక్టరూ క్యాన్సర్ డాక్టరూ మాట్లాడుకుని, ఆపాలా, కొనసాగించాలా అన్నది కాగితం మీద రాసి ఇవ్వాలని పట్టుబట్టండి.

పొగ తాగని మనిషికి ఎందుకు వచ్చిందని మీరు నేరుగా అడగలేదు గాని, బెల్లం పొయ్యి గురించి రాయడంలోనే ఆ ప్రశ్న ఉంది. కట్టెలు, పిప్పి వంటివి ఇంట్లో కాల్చే పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. బయటి గాలి కాలుష్యాన్ని 2013లో క్యాన్సర్ కారకంగానే తేల్చింది. అయినా ఈ ఒక్క మనిషికి ఫలానా పొగ వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. ఆ పెనం ముందు కూర్చోబెట్టామే అని మీరూ మీ అన్నగారూ కుమిలిపోకండి. ఆ బెల్లంతోనే కదా మీ చదువులూ పెళ్లిళ్లూ జరిగాయి.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ వీలు. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది. అలిపిరి దగ్గర 2022లో టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మీ పల్లె వైపు నుంచి వెల్లూరు సీఎంసీ కూడా దగ్గరే. రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో ఏ పరీక్ష, ఏ మందు పథకం కింద వస్తుందో ముందే కనుక్కోండి. ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళితే కొత్తచోట మళ్లీ సూది గుచ్చుతామంటారు. స్కాన్ సీడీ, పలకలు, బ్లాకు మూడూ వెంట ఉండాలి. బ్లాకు మీ అమ్మగారిది, రాతపూర్వకంగా అడిగి తీసుకోవచ్చు. దాన్ని దూది చుట్టి చిన్న డబ్బాలో పెట్టి చేతిసంచిలో ఉంచుకోండి. మన చిత్తూరు ఎండలో కారు అద్దం ముందు పెట్టారంటే మైనం మెత్తబడిపోతుంది.

చివరగా అమ్మగారి సంగతి. ఆమెకు చెప్పండి. ఒకేసారి అంతా చెప్పనక్కర్లేదు. "ఇది టీబీ కాదమ్మా, ఊపిరితిత్తిలో గడ్డ ఉంది, అది ఏ రకమో చూస్తున్నారు, మాత్రలతో అదుపులో పెట్టే రకం కావచ్చు" అనండి. ఆమె అడిగినదానికి అడిగినంత జవాబివ్వండి. పిప్పి పొగలో కూర్చుని సంసారం నడిపిన మనిషి, మీరనుకున్నంత బేల కాదు. నిజం చెప్పడానికి ఇంకో కారణం ఉంది. క్యాన్సర్ అంటుకోదు. టీబీ కూడా గాలి ద్వారా వస్తుందే గాని కంచం, చెంబు వల్ల రాదు. కళ్లెలో క్రిమి లేదు, ముక్కలో టీబీ ఆనవాళ్లు లేవు. ఇన్ని నెలలుగా మీ అమ్మ తన మనవళ్లకు దూరంగా వసారాలో ఊరికే పడుకుంటోంది. డాక్టరు దగ్గరికి ఎప్పుడైనా వెళ్లండి, ఈ రాత్రి మాత్రం మీ అన్నావదినలకు ఫోను చేసి ఆమె మంచం లోపల వేయమనండి. ఆ కంచం అందరి కంచాలతో కలిపి కడగమనండి.